వంద బస్కీలు తీసిన మూడో రోజు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాది పరకాల దగ్గర ఒక పల్లె. వయసు 22. డిగ్రీ అయిపోయింది. కానిస్టేబుల్ కొలువు కొట్టాలని హనుమకొండలో హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాను. ఈవెంట్స్ (పరుగు, లాంగ్ జంప్ లాంటి దేహదారుఢ్య పరీక్షలు) కోసం పోయిన సోమవారం నుంచి పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు వెళ్తున్నాను. మొదటి రోజే మిగతా అమ్మాయిలతో సమానంగా ఆరు రౌండ్లు ఉరికి, వంద బస్కీలు తీసి, లాంగ్ జంప్ కూడా చేశాను. ఆ రోజు బాగానే ఉంది. మంగళవారం తొడలు పట్టేశాయి. బుధవారం హాస్టల్ మెట్లు దిగలేక ఏడ్చాను. బాత్రూంలో కూర్చుంటే లేవలేకపోతున్నాను. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది, ఇంకా ఉరికితే కరిగిపోతుందని రూమ్మేట్ అంటుంది. జిమ్‌కు పోయే అన్న ఒకరు ఐస్ పెట్టమన్నారు. అమ్మ ఫోన్‌లో వావిలాకు నీళ్ళు పోసుకోమంది. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ళలు రెండు రోజులు పొద్దున్నే వేసుకొని గ్రౌండ్‌కు పోయాను. ఎవరి మాట వినాలి? మానేయాలా, నొప్పితోనే ఉరకాలా? మా ఇంట్లో అందరూ పొలం పని చేసేవాళ్ళే, నా ఒళ్ళే ఎందుకు ఇంత బలహీనంగా ఉంది?

సమాధానం: బిడ్డా, అన్నిటికంటే ముందు నువ్వు ఒకటి చూసుకోవాలి. మూత్రం ఏ రంగులో వస్తోంది? లేత పసుపు రంగులో మామూలుగానే వస్తుంటే మిగతాదంతా నిదానంగా చదువు. పాలు పోయని టీ డికాషన్ రంగులోనో, కూల్‌డ్రింక్‌లాగా నల్లగానో వస్తుంటే మాత్రం చదవడం ఆపి ఈ పూటే వరంగల్‌లోని ఎంజీఎం సర్కారు దవాఖానకు వెళ్ళు. రేపటి దాకా ఆగొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అలవాటు లేని ఒంటితో ఒకే రోజు వంద బస్కీలు తీయడం చిన్న సంగతి కాదు. చాలా అరుదుగా, ఎవరో ఒకరికి, కండ లోపలి కణాలు మామూలుగా నలగడంతో ఆగకుండా పెద్ద ఎత్తున పగిలిపోతాయి. వాటిలో ఉండే మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. మూత్రానికి ఆ ముదురు రంగు దానివల్లే వస్తుంది. డాక్టర్లు దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. తొడలు గట్టిపడి ఉబ్బిపోవడం, ఎత్తుదామన్నా కాలు లేవనంత నీరసం, వాంతులు, మూత్రం తగ్గిపోవడం కూడా దాని గుర్తులే. రక్తంలో సీపీకే (కండ ఎంత దెబ్బతిందో చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పరీక్షలు చేస్తే తెలిసిపోతుంది. తొందరగా వెళ్తే చాలామంది సెలైన్లతోనే కోలుకుంటారు. వెళ్ళినప్పుడు ఎన్ని బస్కీలు తీశావో, ఏ బిళ్ళ ఎన్ని వేసుకున్నావో దాచకుండా చెప్పు. ఆ రెండు సంగతులు చెప్పకపోతే డాక్టర్ జ్వరాలు, ఇన్‌ఫెక్షన్లు వెతుక్కుంటూ సమయం పోగొట్టుకోవాల్సి వస్తుంది.

ఇక నీ నొప్పి సంగతి. ఉత్తరంలో రోజులు వరుసగా రాశావు, చాలా మంచి పని చేశావు. సోమవారం ఏమీ లేదు, మంగళవారం పట్టేసింది, బుధవారం మెట్లు దిగలేకపోయావు. అలవాటు లేని పని చేసిన కండరాల నొప్పి సరిగ్గా ఇలాగే నడుస్తుంది. 12 నుంచి 24 గంటల్లో మొదలై, రెండో రోజుకో మూడో రోజుకో బాగా ముదిరి, వారం తిరిగేలోపు దానంతట అదే పోతుంది. రెండు కాళ్ళకూ ఇంచుమించు సమానంగా ఉంటుంది. కూర్చున్నంతసేపు పెద్దగా తెలియదు, లేవబోతే తెలుస్తుంది. నొక్కితే కండ పొడుగునా నొప్పి ఉంటుంది కానీ ఒకే చోట సూదితో పొడిచినట్టు ఉండదు. మన దగ్గర ఏ నొప్పి వచ్చినా 'నరం పట్టేసింది' అనడం అలవాటు. నీకు పట్టేసింది నరం కాదు, కండ.

ఈ జవాబు నువ్వు చదివేసరికి చాలావరకు తగ్గిపోయి కూడా ఉంటుంది. అయినా ఇంత వివరంగా రాస్తున్నాను. నోటిఫికేషన్ మాట వినిపించినప్పుడల్లా మా ఫిజియోథెరపీ క్లినిక్‌కు నీలాంటి పిల్లలు గోడ పట్టుకొని నడుచుకుంటూ వస్తారు. చాలామంది అప్పటికే బిళ్ళల అట్ట ఒకటి ఖాళీ చేసి ఉంటారు.

నువ్వు చివర అడిగిన మాటకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది నా మనసును ఎక్కువ కష్టపెట్టింది. నీ ఒళ్ళు బలహీనమైంది కాదు.

మా అమ్మ నాట్లకు పోయేది. వానాకాలం నాట్లు మొదలైన మర్నాడు ఆమె మంచం మీంచి ఎలా లేచేదో నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది. ముందు పక్కకు తిరిగేది, మంచం పట్టె పట్టుకొని 'అవ్వో' అంటూ లేచేది, వంగిన నడుముతోనే పొయ్యి దగ్గరకు పోయేది. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ. రాత్రి మమ్మల్ని పిలిచి కాళ్ళు తొక్కించుకునేది. అయిదో రోజుకు ఆ మాటే ఉండేది కాదు. అదే మడి, అదే వంగడం, పని ఏమాత్రం తగ్గలేదు. ఒళ్ళు ఆ పని నేర్చుకుంది, అంతే. మళ్ళీ ఏడాది నాట్లకు కథ మొదటికొచ్చేది. ముఠాలో ఉన్న ఆడవాళ్ళందరికీ అంతే. దాన్ని ఎవరూ రోగం అనుకోలేదు. బలహీనత అని అసలే అనుకోలేదు.

నేను ఫిజియోథెరపీ చదివేటప్పుడు అమ్మ పడిన ఆ నొప్పే పుస్తకంలో కనిపించింది. కండరాలు అలవాటు లేని పనితో ఒకసారి నొప్పి పడితే, తర్వాత కొన్ని వారాల దాకా అదే పని అంత నొప్పి పెట్టదు. ఇందులో మనకు పనికొచ్చే మాట ఇంకొకటుంది. ఆ రక్షణ రావాలంటే మొదటి రోజు ఒళ్ళు హూనం చేసుకోవాల్సిన అవసరం లేదు. కొద్దిపాటి పని చేసినా ఒంటికి ఆ రక్షణ చాలావరకు దొరుకుతుంది. సోమవారం నువ్వు పదిహేను బస్కీలతో ఆపి ఉంటే బుధవారం ఏడవాల్సి వచ్చేది కాదు, తర్వాతి వారానికి ఒళ్ళు మాత్రం సిద్ధమయ్యేది. నొప్పికి మందేమిటని నన్ను అడిగిన ప్రతి ఒక్కరినీ మొదటి రోజు ఎంత చేశావని నేను తిరిగి అడిగేది ఇందుకే.

మీ ఇంట్లోవాళ్ళ ఒళ్ళు ఏళ్ళ తరబడి పొలానికి అలవాటైంది. నీ ఒళ్ళు మూడేళ్ళు డిగ్రీ బెంచీ మీద కూర్చుంది, ఇప్పుడు కోచింగ్ బెంచీ మీద కూర్చుంటోంది. మీ అమ్మ కూడా ఒకే పొద్దున వంద బస్కీలు తీస్తే మూడో రోజు నీలాగే మెట్ల దగ్గర ఆగిపోతుంది, ఆ పని ఆమెకు కొత్త కాబట్టి. నీ పక్కన ఉరికిన అమ్మాయిలు ఎన్ని నెలల నుంచి గ్రౌండ్‌కు వస్తున్నారో ఒకసారి అడిగి చూడు.

లోపల ఏం జరిగిందో కూడా చెబుతాను, తెలిస్తే భయం పోతుంది. బస్కీలో లేచేటప్పుడు తొడ కండ ముడుచుకుంటూ బరువు ఎత్తుతుంది. కిందికి దిగేటప్పుడు అదే కండ సాగుతూ, మనం ధబేలున పడిపోకుండా బరువును ఆపుతుంది. ఇలా బరువు మోస్తూ సాగడమే కండను ఎక్కువగా నలిపేది. లోపలి సన్నటి పోగులు అక్కడక్కడా చెదిరిపోతాయి. వాటిని బాగుచేసుకోవడానికి ఒళ్ళు పని మొదలుపెడుతుంది, అక్కడ కొంచెం వాపు వస్తుంది, ఆ చుట్టుపక్కల నరాల కొసలు కొన్ని రోజులు సున్నితంగా మారతాయి. మామూలుగా తెలియని చిన్న కదలిక కూడా అప్పుడు నొప్పిగా తెలుస్తుంది. మరమ్మతు మొదలై ఊపందుకోవడానికి సమయం పడుతుంది కాబట్టే సోమవారం చేసిన పనికి బుధవారం ఏడుపొచ్చింది.

నమ్మకం కుదరకపోతే ఒళ్ళు బాగున్న రోజు వరంగల్‌లో గోవిందరాజుల గుట్ట ఎక్కి దిగు. ఎక్కేటప్పుడు ఆయాసం, చెమట, గుండె దడ. దిగేటప్పుడు మాట్లాడుకుంటూ హాయిగా దిగుతాం. మర్నాడు తొడలు పట్టేసేది మాత్రం ఎక్కినందుకు కంటే దిగినందుకే. లాంగ్ జంప్‌లో ఇసుక మీద కాళ్ళు ఆనే క్షణం కూడా ఇలాంటిదే.

మీ రూమ్మేట్ చెప్పిన లాక్టిక్ యాసిడ్ మాట కూడా ఆ గుట్ట మీదే తేలిపోతుంది. అది ఎక్కువగా తయారయ్యేది ఆయాసపడుతూ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కాదు. పైగా పని ఆపాక గంట, గంటన్నరలోపే ఒళ్ళు దాన్ని వాడేసుకుంటుంది. సోమవారం పొద్దున తయారైంది సోమవారం టిఫిన్ వేళకే పోయింది. బుధవారం నొప్పికి అదెలా కారణమవుతుంది? 1902లోనే థియోడర్ హఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త వేలి కండరాలతో పదే పదే పని చేయించి చూసి, ఆలస్యంగా వచ్చే ఈ నొప్పి వేరని, కండలో చిన్న చిన్న చిరుగుల వల్ల కావచ్చని రాశాడు. ఇన్నేళ్ళయినా ఆ మాట మన గ్రౌండ్ల దాకా రాలేదని నాకు బాధ. ఎందుకంటే యాసిడ్ అనుకున్నవాళ్ళు దాన్ని కరిగించాలని నలిగిన కండతోనే మళ్ళీ ఉరుకుతారు.

ఉరికితే నొప్పి తగ్గినట్టు అనిపించడం అబద్ధం కాదు. ఒళ్ళు వేడెక్కి రక్తం బాగా ఆడితే కాసేపు హాయిగా ఉంటుంది. చల్లారగానే మళ్ళీ వస్తుంది. అందుకని పూర్తిగా మంచం ఎక్కమని నేను చెప్పను, మెల్లగా నడువు. సాయంత్రం భద్రకాళి బండ్ మీద ఇరవై నిమిషాలు నడిస్తే చాలు, అక్కడ ఎత్తుపల్లాలు లేవు. కానీ ఈ రోజుల్లో కండకు బలం నిజంగానే తగ్గి ఉంటుంది, అడుగు పడే తీరు కూడా మారుతుంది. ఒక కాలు కుంటుతూ రౌండ్లు కొడితే మడమో మోకాలో బెణికి వారం నొప్పి కాస్తా రెండు నెలల నొప్పి అవుతుంది.

బిళ్ళల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఒళ్ళు నొప్పులని అడిగితే మెడికల్ షాపులో ఎక్కువగా ఇచ్చేవి డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి. చాలాసార్లు వాటితో పారాసిటమాల్ కూడా ఒకే బిళ్ళలో కలిసి ఉంటుంది. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదువు. పొద్దున వేసుకొని గ్రౌండ్‌కు పోయానని రాశావు, అంటే పరగడుపునే వేసుకొని ఉంటావు. తినకుండా వేసుకుంటే కడుపులో మంట పుడుతుంది, రోజూ అలాగే సాగితే పుండు పడుతుంది, కొందరికి లోపల రక్తం కారడం దాకా పోతుంది. ఉరికేటప్పుడు చెమటతో ఒంట్లో నీళ్ళు తగ్గి కిడ్నీలకు వెళ్ళే రక్తం ముందే తగ్గి ఉంటుంది, ఈ బిళ్ళలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. కండలు బాగా నలిగి ఉన్న రోజున అది మరీ ప్రమాదం. పైన మూత్రం రంగు గురించి అంత గట్టిగా అడిగింది ఇందుకే.

నాకు అంతకన్నా భయం ఇంకొకటి ఉంది. నొప్పి తెలియకపోతే నువ్వు నలిగిన కండ మీదే మళ్ళీ యాభై బస్కీలు తీస్తావు. ఒకసారి నా దగ్గరకు ఒక పిల్లవాడు వచ్చాడు. ఈవెంట్స్ ఇంకా నెల రోజులుండగా తొడ వెనక కండ కొంచెం చిరిగింది. ఎవరికీ చెప్పకుండా ఊళ్ళో సూది వేయించుకొని మూడు రోజులు బ్రహ్మాండంగా ఉరికాడు. నాలుగో రోజు మధ్యలో కూలబడ్డాడు. నా దగ్గరకు ఇద్దరు మోసుకొచ్చారు. ఆ ఏడాది అతని ఈవెంట్స్ పోయాయి. వాళ్ళ నాన్న ఆ రోజు క్లినిక్ బెంచీ మీద తల పట్టుకొని కూర్చున్న తీరు నేను మరిచిపోలేదు.

రాత్రి నిద్రే పట్టనంత నొప్పి ఉంటే, అన్నం తిన్నాక పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి వేసుకో. ఒకటి రెండు రోజులు, అంతే. షాపులో ఇచ్చిన కలిపిన బిళ్ళలో కూడా పారాసిటమాల్ ఉండొచ్చు కాబట్టి దాన్ని దీనితో పాటు వేసుకోకూడదు. గ్రౌండ్‌కు పోవడానికి బిళ్ళ వేసుకోవాల్సి వస్తోందంటే ఆ రోజు గ్రౌండ్‌కు పోకూడదని అర్థం. ఆస్తమా, కడుపులో పుండు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు డైక్లోఫెనాక్ లాంటివి డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు. మగపిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు కూడా ఒక మాట: ఒళ్ళు నొప్పులకు కల్లు మందు కాదు. నిద్ర చెడగొడుతుంది, ఒంట్లో నీళ్ళు తగ్గిస్తుంది, కండ కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది.

మీ అమ్మ మాట విను. వావిలాకు వేసి కాగబెట్టిన నీళ్ళతో స్నానం చేస్తే ఒళ్ళు వదులవుతుంది. ఆకు గుణం కొంతైతే, వేడి గుణం ఎక్కువ. హాస్టల్‌లో ఆకు దొరక్కపోతే ఉత్త వేడినీళ్ళు చాలు. వేడినీళ్ళలో తడిపి పిండిన తువ్వాలుతో తొడల మీద పది పదిహేను నిమిషాలు కాపడం పెట్టుకో. ఒంటికి ఓర్చుకునే వేడి ఉండాలి, తోలు ఎర్రగా కమిలేంత వేడి వద్దు. జిందా తిలిస్మాత్, బామ్‌ల లాంటివి రాస్తే చుర్రుమనో చల్లగానో అనిపించి నొప్పి మీద నుంచి ధ్యాస మళ్ళుతుంది. రాసుకో, తప్పు లేదు. కానీ అవి రాసిన చోట కాపడం పెట్టొద్దు, తోలు కాలుతుంది.

వీటన్నిటిలో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది మర్దన మీద. ఈ రకం నొప్పి మీద చేసిన పరిశోధనల్లో కూడా మర్దనకు మంచి ఫలితమే కనిపించింది. గోరువెచ్చటి నువ్వుల నూనెతో, కొబ్బరి నూనెతో అయినా సరే, మోకాలి పైనుంచి తొడ మొదలు వైపుగా పది నిమిషాలు మెత్తగా రుద్దాలి. కండ అరిచేంత గట్టిగా పిసికితే లాభం లేదు, నలిగిన దాన్ని మళ్ళీ నలిపినట్టే. రుద్దేవాళ్ళు లేకపోతే చపాతీ కర్ర తెచ్చుకొని తొడ మీద మెల్లగా దొర్లించు. అమ్మ మాతో కాళ్ళు తొక్కించుకునేదని చెప్పాను కదా, అది కూడా ఈ పనే చేసేది. చిన్నపిల్లల బరువుతో, తొడల మీదా పిక్కల మీదా అయితే పర్వాలేదు. మోకాలి వెనక, నడుము ఎముక మీద తొక్కించుకోవద్దు.

జిమ్ అన్న చెప్పిన ఐస్ మాట పూర్తిగా తప్పని అనను. చల్లటి నీళ్ళలో కాళ్ళు ముంచితే నొప్పి కొంత తగ్గుతుందని తేలింది. అయితే ఆ పరీక్షల్లో వాడిన నీళ్ళు ఎక్కువగా 10 నుంచి 15 డిగ్రీలవి, పది పదిహేను నిమిషాలు మునిగి ఉండాలి. మన బోరు నీళ్ళు అంత చల్లగా ఉండవు, నడుము దాకా మునిగే తొట్టి హాస్టల్‌లో ఎక్కడ దొరుకుతుంది? పైగా బలం కోసం కసరత్తు చేసేవాళ్ళు ప్రతిసారీ చన్నీళ్ళలో మునిగితే కండ బలపడటం కొంత తగ్గుతుందని కూడా చూశారు. నువ్వు దాని జోలికి పోనక్కర్లేదు.

ఇక స్ట్రెచింగ్. ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. పని మొదలుపెట్టిన కొత్తలో, కసరత్తు తర్వాత బాగా స్ట్రెచింగ్ చేస్తే మర్నాడు నొప్పి రాదని ఎంతోమందికి చెప్పాను. మాకు నేర్పింది అదే. తర్వాత ఒకదాని మీద ఒకటి వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ముందు చేసినా తర్వాత చేసినా స్ట్రెచింగ్ వల్ల ఈ నొప్పి తగ్గేది దాదాపు ఏమీ లేదని తేలింది. కీళ్ళు వదులుగా ఉండటానికి చేసుకో. నొప్పి పోతుందని పట్టేసిన తొడను బలవంతంగా లాగొద్దు. ఉరికే ముందు పది నిమిషాలు వేగంగా నడిచి, మెల్లగా జాగింగ్ చేసి ఒళ్ళు వేడెక్కించుకోవడం మాత్రం కొంచెం పనిచేస్తుంది.

నీ బాత్రూం కష్టం చదివి నాకు ఇంకోసారి బాధేసింది. ఆ సంగతి ఎవరూ పైకి చెప్పుకోరు, నువ్వు ధైర్యంగా రాశావు. హాస్టల్‌లో గానీ కోచింగ్ సెంటర్‌లో గానీ వెస్ట్రన్ టాయిలెట్ ఉంటే ఈ మూడు నాలుగు రోజులు అదే వాడు. లేకపోతే బలమైన బకెట్‌లో నీళ్ళు నింపి పక్కన పెట్టుకో. కూర్చునేటప్పుడూ లేచేటప్పుడూ దాని అంచు మీద చేయి ఆనించి బరువు మోపు. ఖాళీ బకెట్ జారిపోతుంది, నిండుగా ఉండాలి. కష్టమని నీళ్ళు తాగడం మాత్రం తగ్గించొద్దు. ఆడపిల్లలు చాలామంది ఇదే చేస్తారు, కిడ్నీలకు నీళ్ళు ఎక్కువ కావాల్సిన సమయంలోనే తక్కువ తాగుతారు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకొని ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగు.

తిండి విషయంలో హాస్టల్ పప్పుచారును నమ్ముకుంటే కండ కోలుకోదు. నీ బరువు 50 కిలోలు అనుకుంటే, ఇంత కసరత్తు చేస్తున్నప్పుడు రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అవసరం. రెండు గుడ్లతో 12 గ్రాములు, గుప్పెడు పల్లీలతో 7, గ్లాసు పాలతోనో కప్పు పెరుగుతోనో 6, రెండు పూటలా గట్టి పప్పుతో 11 దాకా వస్తాయి. మిగతాది అన్నం, చపాతీల్లో కలిసొచ్చి 60 దగ్గరకు చేరుతుంది. ఆదివారం చికెన్ ఉంటే ఇంకా మంచిది. డబ్బాల్లో అమ్మే పౌడర్లకు మీ నాన్న పంపిన డబ్బులు ఖర్చుపెట్టొద్దు. పసుపు పాలు తాగమంటారు, తాగు. చిటికెడు పసుపుతో నొప్పి పోదు కానీ పాలు పనికొస్తాయి. నిద్ర ఏడు ఎనిమిది గంటలుండాలి. రాత్రి ఒంటిగంట దాకా బిట్లు చదివి నాలుగున్నరకు గ్రౌండ్‌లో ఉండటం ఎక్కువ రోజులు సాగదు.

మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలంటే, చేయి పట్టుకోకుండా మామూలుగా మెట్లు దిగగలిగిన రోజు. అప్పుడు కూడా వంద బస్కీలతో కాదు. 2022 నోటిఫికేషన్‌లో ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగుకు ఇచ్చిన సమయం 5 నిమిషాల 20 సెకన్లు, లాంగ్ జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు. కొత్త నోటిఫికేషన్ వస్తే అందులో అంకెలు మళ్ళీ చూసుకో. 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లంటే గంటకు 9 కిలోమీటర్ల వేగం. మంచి జాగింగ్ కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఆరోగ్యంగా ఉన్న ఇరవై రెండేళ్ళ అమ్మాయికి రెండు నెలల క్రమం తప్పని సాధనతో అందే వేగం అది. దానికోసం మొదటి రోజే ఒళ్ళు పాడుచేసుకోవాల్సిన పని లేదు.

మొదటి వారం ఒక నిమిషం జాగింగ్, ఒక నిమిషం నడక, ఇలా పదిసార్లు. బస్కీలు ఎనిమిది చొప్పున రెండు విడతలు, అది కూడా రోజు విడిచి రోజు. తొడలు నేలకు సమానం అయ్యేదాకా దిగితే చాలు, పూర్తిగా మడమల మీద కూర్చోవద్దు. రెండో వారం జాగింగ్ రెండు నిమిషాలు చెయ్యి, బస్కీలు విడతకు రెండు మూడు పెంచు. లాంగ్ జంప్ వారానికి రెండు రోజులే, ఆరు నుంచి ఎనిమిది దూకుళ్ళు, తవ్వి వదులు చేసిన ఇసుకలో మాత్రమే. షాట్‌పుట్ మొదలుపెట్టిన మర్నాడు భుజం, వీపు పట్టేస్తాయి. కంగారుపడకు, వాటికి అది కొత్త పని. ప్రతిరోజూ పొద్దున లేవగానే తొడ నొక్కి చూసుకో. కొంచెం నొప్పి ఉండి, పది నిమిషాల నడకలో వదులైపోతే ఆ రోజు పని చేసుకో. నడుస్తున్నకొద్దీ పెరిగితే ఇంటికెళ్ళిపో.

మామూలు నొప్పి కానివి కొన్ని ఉన్నాయి. ఉరుకుతుండగానే కండలో టప్‌మని తెగినట్టు అనిపించడం, అక్కడ నల్లగా కమిలిపోవడం. ఒక్క పిక్క మాత్రమే వాచి వేడిగా ఉండటం. మోకాలు వాచి బిగుసుకుపోవడం. వీటిలో ఏది వచ్చినా వెంటనే చూపించుకోవాలి. ఇంకొకటి గ్రౌండ్ పిల్లల్లో నేను చాలా చూస్తాను. మోకాలి కింద ముందు ఎముక మీద వేలితో ఒక్క చోట నొక్కితే ప్రాణం పోయినట్టుంటుంది, ఉరికినకొద్దీ పెరుగుతుంది, తర్వాత తర్వాత నడిచినా, పడుకున్నా వస్తుంది. అది కండ నొప్పి కాదు, ఎముకకు సన్నటి బీట పడుతుండవచ్చు. ఒక్కసారిగా పరుగు పెంచినవాళ్ళకు, అందులోనూ ఆడపిల్లలకు ఎక్కువ వస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. ఎక్స్‌రే బాగుందని మళ్ళీ ఉరికి ఎముక విరగ్గొట్టుకోవద్దు.

చివరగా, నువ్వు అడగకపోయినా ఒకటి చెప్పాలి. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువ ఉంటుంది. రెండు రౌండ్లకే ఆయాసం రావడం, నెలసరి ఎక్కువగా అవడం, కాళ్ళు లాగడం ఉంటే సాధన తప్పని అనుకునే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. దగ్గర్లోని సర్కారు దవాఖానలో డబ్బులు తీసుకోకుండా చేస్తారు. 12 కంటే తక్కువ ఉంటే డాక్టర్ ఐరన్ బిళ్ళలు రాస్తారు. వాటిని టీతో వేసుకోవద్దు, నిమ్మకాయ నీళ్ళతో వేసుకో. రిపోర్టు రాగానే ఆ అంకె, ఏ రోజు ఎంత ఉరికావో ఒక వారం లెక్క, రెండూ రాసి పంపు. రెండో నెల సాధన ఎలా ఉండాలో అవి చూసి చెబుతాను.